మెర్విన్ మోసుకొచ్చిన మనిషి

మెర్విన్ ఆరీస్ తన జీవితంలో చేసిన అతి గొప్ప పని గురించి యాభై రెండో ఏట, తన వంటింట్లోనే కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి నోట మొదటిసారి విన్నాడు.

ఆ అమ్మాయి పేరు రెఫీల్వె. జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చింది, సినిమాలు తీస్తుంది. మెర్విన్ భార్య డల్సీ వేడివేడిగా వేయించి పెట్టిన వెట్‌కుక్ రొట్టెలో కైమా కూరుకుని తింటూ, "అంకుల్ మెర్విన్, ఆరోజు మీరు ఆ తెల్లాయన ఫాన్ లాటెగన్‌ని భుజమ్మీద వేసుకుని మైదానం దాటించారు చూడండీ, మా సినిమాకి అదే ప్రాణం," అంది.

మెర్విన్ టీ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. "నేనా?"

"మీరే. ఆయన ఆటలో దెబ్బతిని పడిపోతే మీరు లేపి, ఆయన చెయ్యి మీ మెడచుట్టూ వేసుకుని గీతదాకా తీసుకొచ్చారట. అక్కడ ఇద్దరూ కావలించుకుని నిలబడ్డారట. ఫాన్ గారు రేడియోలో చెప్తుంటే నేను కారు పక్కకి తీసి ఏడ్చాను తెలుసా?"

"నేను వాణ్ణి కొట్టానమ్మా," అన్నాడు మెర్విన్.

పొయ్యి దగ్గర డల్సీ గరిట చప్పుడు ఆగింది.

"కొట్టారా? ఎప్పుడు?"

"ఆ ఆటలోనే. దవడ మీద." మెర్విన్ కుడి పిడికిలి బిగించి దానివంక చూసుకున్నాడు. "అంటే, కొట్టానని చెప్పారు నాకు."

ఆ ఆట 1992 చలికాలంలో జరిగింది. అప్పటిదాకా విట్‌క్రాన్స్ ఊళ్ళో రగ్బీ రెండు రకాలు. రైలుకట్టకి అవతల తెల్లవాళ్ళ క్లబ్బు. దానికి పచ్చగడ్డి మైదానం, చెక్క గ్యాలరీ, బీరు కౌంటరు ఉండేవి. కట్టకి ఇవతల వేగుచుక్క జట్టు. దానికి ఉన్నదల్లా గులకరాళ్ళ నేల. ఆట అయ్యాక ఆటగాళ్ళు గుంపుగా కూర్చుని ఒకరి మోకాళ్ళలోంచి ఒకరు రాళ్ళు ఏరేవాళ్ళు. పాత ప్రభుత్వం అటు తెల్లవాళ్ళలోనూ ఇటు నల్లవాళ్ళలోనూ చేర్చక 'కలర్డ్' అని వేరే రాసిపెట్టిన కుటుంబాలు వాళ్ళవి. తాతల నాటినుంచి తెల్లవాళ్ళ పళ్ళతోటల్లో పనిచేస్తున్నా వాళ్ళతో ఒక్కసారి కూడా బంతి ఆడనివాళ్ళు. దేశం మారబోతోందనీ, అందరికీ ఓటు రాబోతోందనీ, రగ్బీ సంఘాలన్నీ ఒకటైపోయాయనీ పైనుంచి కబురొచ్చాక ఆ రెండు జట్ల మధ్యా మొట్టమొదటి ఆట పెట్టారు.

మెర్విన్‌కి మొదటి సగం బాగా గుర్తుంది. గడ్డి అంత మెత్తగా ఉంటే పరిగెత్తుతున్న కాళ్ళు తనవి కానట్టే అనిపించింది. రెండో సగంలో ఎవరిదో మోకాలు చెవిపైన బలంగా తగిలింది. ఆపైన గుర్తున్నది తన మంచం, నుదుటిమీద డల్సీ పెట్టిన తడిగుడ్డ, బూరెలా వాచిన కుడిచెయ్యి. జట్టుకి ఆట నేర్పే ఎడ్గార్ బాబాయి గుమ్మంలో నిలబడి, "శభాష్‌రా! లాటెగన్ దవడ అదరగొట్టావు," అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా మెర్విన్‌కి ఆ రెండో సగమంటే ఆ ఒక్క మాటే.

"ఆంటీ, మీరు చూశారా?" అని రెఫీల్వె డల్సీని అడిగింది.

"నేనెక్కడ చూశానమ్మా? చంటిదానికి జ్వరమని సగంలోనే వచ్చేశాను. అయినా ఆ ఆట ఊసు ఈ ఇంట్లో ఎత్తకపోవడమే మంచిది. దానివల్లే ఈయనకీ వాళ్ళన్నకీ మాటల్లేవు."

"అది ఇప్పుడెందుకు?" అని మెర్విన్ కసిరాడు.

అన్న ఎరల్ కూడా వేగుచుక్క ఆటగాడే. బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆ ఆటకి వారం ముందు జట్టు సమావేశంలో లేచి, "ఓటు చేతికొచ్చాక ఆడదాం. ముందు ఆట ఇచ్చేసి, తర్వాత ఓటు అడుక్కుంటామా?" అన్నాడు. ఎవరూ వినలేదు. మెర్విన్ కూడా ఆడతానని చెయ్యెత్తాడు. ఎరల్ తన పసుపు నలుపు చొక్కా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఇళ్ళు రెండు వీధుల దూరం. ఇద్దరి భార్యలూ చర్చిలో ఒకే వరసలో కూర్చుంటారు, పిల్లలు ఒకరి పెళ్ళిలో ఒకరు ఆడిపాడారు. తల్లి పోయినప్పుడు మాత్రం శవపేటికకి ఒక పక్క అన్నా, రెండోపక్క తమ్ముడూ భుజం పట్టి, పేటిక మీదుగా కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నడిచారు.

రెఫీల్వె రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "అంకుల్, నేను చాలామందిని అడిగాను. మీరు ఆయన్ని తీసుకురావడం చూశామని నలుగురు చెప్పారు. మీకు గుర్తులేదంతే. గుర్తులేనంత మాత్రాన జరగలేదని కాదుగా?"

మనిషి తను చేసినదాన్ని ఇంకొకరి నోట విని నమ్మాల్సిందేనంటే, ఎవరి నోట విన్నది నమ్మాలి?

*

మర్నాడు పని అయ్యాక మెర్విన్ చర్చివాళ్ళు నడిపే వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. ఎడ్గార్ బాబాయికి ఎనభై దాటాయి. కాళ్ళు లేవవు గాని గొంతు ఇంకా మైదానం చివరిదాకా వినిపించేలాగే ఉంది.

"బాబాయ్, ఒక్క సంగతి చెప్పు. ఆరోజు నేను లాటెగన్‌ని కొట్టానా, మోశానా?"

"కొట్టావు. నా ఈ రెండు కళ్ళతో చూశాను. వాడు నరికిన చెట్టులా పడ్డాడు."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది?"

"మోసుకుంటూ వచ్చానని అంటున్నారు."

ఎడ్గార్ బాబాయి కిటికీలోంచి కొండవైపు చూడడం మొదలుపెట్టాడు. "నీ తల పనిచెయ్యలేదారోజు. ఏదో అటూ ఇటూ తిరిగావు. అదెవడు పట్టించుకున్నాడు?"

"అంటే మోశాననేనా?"

"ఒరేయ్ మెర్విన్, ఇలా చూడు. రెండు క్లబ్బులూ కలిసిపోతాయన్నారు. కలిశాయి. పేరెవరిది నిలిచింది? వాళ్ళది. చొక్కా రంగు? వాళ్ళది. మైదానం? వాళ్ళది. మన గులకరాళ్ళ నేలమీద ఇళ్ళు లేచాయి, మన బోర్డు ఏ గుడిసె కప్పుమీద రేకయిపోయిందో తెలీదు. మనకి మిగిలింది ఆ ఒక్క దెబ్బ. దాన్ని కూడా తీసుకెళ్ళి సినిమావాళ్ళకి ధారపోస్తానంటావేంట్రా?"

"ధారపోయడం కాదు బాబాయ్. ఏం జరిగిందో తెలుసుకుందామని."

"తెలుసుకుని ఏం చేస్తావు? టీ చల్లారిపోయింది, ఆ నర్సమ్మని పిలువు."

మెర్విన్ నర్సుని పిలిచి బయటికొచ్చాడు. దారిలో ఎరల్ ఉండే వీధి మలుపు వచ్చింది. అలవాటు ప్రకారం అటు తల తిప్పకుండానే నడిచాడు. తిప్పడం లేదన్న సంగతి ఈసారి తనకి తెలుస్తూనే ఉంది.

*

సినిమావాళ్ళు రెండు వారాలు ఊళ్ళో మకాం వేశారు. పాత ఆటని తెల్లవాళ్ళ క్లబ్బు మైదానంలోనే మళ్ళీ ఆడించారు. గ్యాలరీ నిండా ఊరివాళ్ళే. అటకలమీంచి పాతకాలం కోట్లు, టోపీలు దింపి తొడుక్కొచ్చారు. బేకరీలో పనిచేసే పిల్లొకతె, "మీరు ఆయన్ని మోసుకురావడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది అంకుల్," అంది. ఆట జరిగిన ఏడాదికి ఆ పిల్ల పుట్టనేలేదు.

మెర్విన్ వేషం వేసే కుర్రాడు కేప్‌టౌన్ నుంచి వచ్చాడు. ఆరడుగుల అందగాడు. అసలు మెర్విన్ నిలబడితే లాటెగన్ చంకలోకి వచ్చేవాడు. ఆ సంగతి రెఫీల్వెకి చెబితే, "తెరమీద మనిషి కొంచెం పొడుగ్గా ఉండాలంకుల్," అని నవ్వింది. పదిహేనుమంది పసుపు నలుపు చొక్కాలేసుకుని ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మైదానంలోకి వస్తుంటే మాత్రం మెర్విన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ చొక్కా మళ్ళీ చూస్తానని అనుకోలేదతను.

పెద్ద పెద్ద గొట్టాలతో నీళ్ళు చిమ్మి వాన కురిపించారు.

"అమ్మా, ఆరోజు వాన లేదు. ఎండ పొడిగా కాసింది."

"వాన ఉంటే బాగుంటుందంకుల్. బురదలో అందరూ ఒకే రంగులో ఉంటారు."

అవునేమో అనుకున్నాడు. గ్యాలరీ చివర కూర్చుని చూశాడు. పొడుగు మెర్విన్, పడిపోయిన లాటెగన్ వేషగాడి మీదికి వంగాడు. లేపాడు. భుజమ్మీద వేసుకున్నాడు. బురదలో జారుతూ, నిలదొక్కుకుంటూ వచ్చి గీత దగ్గర కావలించుకున్నాడు. జనం లేచి అరిచారు. మెర్విన్ కూడా లేచాడు. ఎవరికోసం అరుస్తున్నాడో తెలియకుండానే అరిచాడు. దెబ్బ ఎక్కడా రాలేదు. లాటెగన్ తనంతట తనే జారిపడ్డట్టు తీశారు.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఆ ఆట రెండో సగం గుర్తొచ్చింది. ఎప్పుడూ లేనిది స్పష్టంగా గుర్తొచ్చింది. చేతికి చల్లటి బరువు, భుజమ్మీద మనిషి ఊపిరి. సంతోషంతో బ్లేడు కింద పెట్టాడు. ఆ గుర్తొచ్చిన ఆటలో వాన కురుస్తోందని అప్పుడు గమనించాడు.

"డల్సీ, నాకేదో అవుతోంది," అన్నాడు.

"ఏమవుతోంది?"

"వాళ్ళు తీసింది నాకు జ్ఞాపకం వస్తోంది."

"జ్ఞాపకం లేదని ఇన్నాళ్ళూ ఏడ్చావు. వస్తే వచ్చిందని ఏడుస్తావా?" అంది డల్సీ. అలా అందిగాని తువ్వాలు తెచ్చి అతని మొహం మీది సబ్బు తనే తుడిచింది.

*

సినిమా చివర్లో నిజం మనుషులిద్దర్నీ చూపించాలని రెఫీల్వె కోరిక. వయసు మళ్ళిన మెర్విన్, వయసు మళ్ళిన ఫాన్ లాటెగన్ ఆ మైదానం మధ్యలో నడిచొచ్చి కావలించుకోవాలి. ఎండ కొండమీద వాలే వేళకి ఇద్దర్నీ నిలబెట్టారు.

ఫాన్ తన పళ్ళతోట కొడుక్కి అప్పగించేశాడు. తుంటి ఎముక మార్పించుకుని చేతికర్రతో నడుస్తున్నాడు. ఊళ్ళో ఎదురుపడితే మెర్విన్ ఎప్పుడూ తల వంచి పలకరించేవాడే. ఎందుకంటే తన తండ్రి బతికున్నన్నాళ్ళూ లాటెగన్‌ల శీతల గిడ్డంగిలోనే పనిచేశాడు, ఆ నోటికి 'దొర' తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఇప్పుడు ఈ మనిషిని 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో మెర్విన్‌కి అర్థం కాలేదు. 'మీరు' అంటే తండ్రి గొంతు వినిపిస్తుంది. 'నువ్వు' అంటే తనకే అబద్ధంలా ఉంటుంది. అందుకని ఏ పిలుపూ లేకుండా, "కాలెలా ఉంది?" అన్నాడు.

"ఇనుప కాలు. మిగతా ఒంటికంటే అదే నయం," అన్నాడు ఫాన్.

నడిచారు, కావలించుకున్నారు. రెఫీల్వె ఆపమంది. మళ్ళీ నడిచారు. మళ్ళీ ఆపమంది. "ఏమీ అనుకోకండి. మీరిద్దరూ కలిసి పరుపు మోస్తున్నట్టుంది," అంది. కెమెరా దగ్గరున్నవాళ్ళు నవ్వారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి ఇద్దర్నీ బెంచీమీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

మెర్విన్ ఇక ఉండబట్టలేకపోయాడు. "ఒక్కటి అడుగుతాను. నేను నిన్ను... మిమ్మల్ని కొట్టానా?"

ఫాన్ కప్పులోకి చూస్తూ, "కొట్టావు," అన్నాడు.

"మరి?"

"నేనే ముందు ఒక మాటన్నాను. అది ఇప్పుడు మళ్ళీ నోటితో అనలేను."

"నాకు గుర్తులేదు."

"లేకపోవడమే మంచిది. నువ్వు కొట్టావు, నేను పడ్డాను. కళ్ళు తెరిచేసరికి నామీద వంగి ఉన్నావు. ఇంకోటి వేస్తావనుకుని చేతులు అడ్డం పెట్టుకున్నా. నువ్వు చంకలో చెయ్యేసి లేపావు. నీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి మెర్విన్. నన్ను చూట్టంలేదవి. గీతదాకా ఒకటే మాట. 'పద ఎరల్, ఇంటికి పోదాం. పద ఎరల్, అమ్మ చూస్తుంటుంది.' గీత దగ్గర నన్ను పట్టేసుకున్నావు. మీవాళ్ళొచ్చి నీ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు."

మెర్విన్ కాఫీ కప్పు గడ్డిమీద పెట్టేశాడు.

"రేడియోలో ఈ ముక్క చెప్పలేదే?"

"ఎలా చెప్పను? మొదటిసారి క్లబ్బులో ఎవరికో చెప్తూ ఆ పేరు వదిలేశాను. కౌగిలింత చాలనిపించింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండోసారి చెప్పేటప్పటికి ఆ పేరు అసలు లేనట్టే అయింది. దెబ్బ కూడా పోయింది." ఫాన్ కర్రతో గడ్డిని పొడుస్తూ కూర్చున్నాడు. "మా నాన్న చచ్చేదాకా దెప్పాడు నన్ను, ఒక కలర్డువాడి చేత తన్నులు తిని వాడి మెడకే వేలాడుతూ వచ్చావని. నేను మాత్రం వేరేది తలుచుకునేవాణ్ణి. మా ఇంట్లో మగాళ్ళు కావలించుకోరు మెర్విన్. అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు. అది నాకోసం కాదని తెలుసు. అయినా ఏం చెయ్యను, పట్టుకున్నది నన్నేగా!"

మెర్విన్‌కి కోపం వచ్చిందో, జాలి కలిగిందో, సిగ్గేసిందో తేలలేదు.

"ఎరల్ ఎవరు? పోయినవాడా?" అని ఫాన్ మెల్లగా అడిగాడు.

"మా అన్న. పోలేదు. చర్చి వెనకవీధిలో ఉంటాడు."

"ఇక్కడేనా?" అన్నాడు ఫాన్.

మెర్విన్ లేచి నేరుగా రెఫీల్వె దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాడు. ఆ ఆటకి రానన్న అన్న గురించి, బల్లమీద పెట్టిపోయిన చొక్కా గురించి, ఫాన్ ఇప్పుడు చెప్పిన మాటల గురించి. ఆమె ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కళ్ళు మెరిశాయి. ఆ తర్వాత రెండు చేతులతో తల పట్టుకుని గడ్డిమీదే కూర్చుండిపోయింది.

"అంకుల్, ఇది నా దగ్గరున్న కథకంటే గొప్ప కథ. కానీ రేపటితో మా పని అయిపోతుంది. మీ అన్న వేషానికి నా దగ్గర మనిషే లేడు. సినిమాకి డబ్బు పెట్టినవాళ్ళు ఒప్పుకుంది ఒక తెల్లాయన, మీరు, మధ్యలో బంతి, అంతే. ఇందులో ఇంకో మనిషిని ఎక్కడ నిలబెట్టను?"

"మరి నన్నేం చెయ్యమంటావు తల్లీ?"

"ఏమో అంకుల్. నాకూ తెలీట్లేదు. కావలించుకోండి. కారణం ఏదైనా అదొక్కటీ నిజంగా జరిగిందేగా?"

మెర్విన్ మళ్ళీ మైదానం మధ్యకి నడిచాడు. ఎదురుగా ఫాన్ కుంటుకుంటూ వస్తున్నాడు. ఆ పెద్ద ఒంటిచుట్టూ మెర్విన్ చేతులు పూర్తిగా అందలేదు. పొగాకు వాసన, మందుల వాసన. ఈ కౌగిలి ఫాన్‌కే ఇద్దామని ఒక క్షణం గట్టిగా అనుకున్నాడు. ఆ వెంటనే ఎరల్ మొహం తలపుకొచ్చింది, దాన్ని తోసేద్దామంటే పోలేదు. తను ఎవర్ని పట్టుకున్నాడో తేల్చుకోకముందే రెఫీల్వె "చాలు" అని అరిచింది. ఆ గొంతులో ఏడుపుంది. ఈసారి పరుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

*

సినిమాని ముందు ఊరి బడి హాల్లో వేశారు. కట్టకి రెండువైపుల జనమూ వచ్చారు. ఎడ్గార్ బాబాయి రానన్నాడు. ఎరల్ రాడని అందరికీ తెలిసిందే, అతని భార్య మాత్రం డల్సీ పక్కన కూర్చుంది. చివర్లో ఇద్దరు ముసలివాళ్ళు కావలించుకోగానే హాలంతా ముక్కులు ఎగబీల్చుకునే చప్పుడు. మెర్విన్ కూడా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వెందుకేడుస్తున్నావు? నీకన్నీ తెలుసుగా!" అని డల్సీ చెవిలో అడిగింది.

"తెలుసు. అయినా బాగుంది," అన్నాడు. అలా ఎందుకన్నాడో అతనికే అర్థం కాలేదు. ఆ తెరమీదున్నది తను కాదు, తన జ్ఞాపకం కాదు, అందులో సగం అబద్ధం. కానీ ఆ అబద్ధం చూస్తున్నంతసేపూ పక్క కుర్చీలో ఉన్న తెల్ల ముసలమ్మ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పట్టు మాత్రం అబద్ధంగా లేదు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆ సినిమా టీవీలో వచ్చింది. అది అయిపోయాక మెర్విన్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు. చర్చి వెనకవీధి మలుపు దగ్గర ఈసారి తిరిగాడు.

ఎరల్ పెరట్లో ఉన్నాడు. బడినుంచి రిటైరయ్యాక పందెం పావురాలు పెంచుతున్నాడు. ఆరోజు పందెం ఉంది, ఎక్కడో ఎడారి అంచున వదిలిన పావురాలు ఇంటికి చేరాలి. అతను చెక్క గూటికి ఆనుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గేటు కిర్రుమంటే తల తిప్పి, తమ్ముణ్ణి చూసి, మళ్ళీ పైకే చూశాడు.

"గట్టిగా మాట్లాడకు. బెదిరితే గూట్లో దిగవు," అన్నాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

మెర్విన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. "సినిమా చూశావా?"

"సగం చూశా. పావురాలు వచ్చే వేళయింది, లేచొచ్చా. నీ వేషగాడు బాగా పొడుగు."

"అందులో లేనిదొకటుంది. చెప్పాలని వచ్చాను."

చెప్పాడు. దెబ్బ, కళ్ళు తిరగడం, గీతదాకా నోట పలికిన పేరు. ఎరల్ ఆకాశంమీంచి కళ్ళు తీయకుండానే విన్నాడు. చెప్పడం అయ్యాక అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు మెర్విన్. నవ్వుతున్నాడు.

"అంటే ఆ లాటెగన్‌గాణ్ణి చూసి నేననుకున్నావా? అంత లావుగా ఉండేవాణ్ణట్రా నేను?"

మెర్విన్‌కీ నవ్వొచ్చింది. కానీ ఎరల్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"తలకి దెబ్బ తగిలితేగాని నన్ను పిలవలేకపోయావన్నమాట," అన్నాడు.

మెర్విన్ దారిపొడుగునా ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

"నువ్వైనా పిలవచ్చుగా?" అన్నాడు చివరికి.

"పిలవచ్చు," అని ఎరల్ ఒప్పుకున్నాడు. "రోజూ ఆ మలుపు దగ్గర మొహం తిప్పుకుని పోయేవాడివి. ఈ మూలనుంచి కనిపిస్తుంది నాకు. మన జట్టుపేరు పోయినరోజు వచ్చి 'నువ్వు చెప్పిందే నిజమైంది అన్నయ్యా' అంటావని చూశాను. నువ్వు రాలేదు. అలాగని నేననుకున్నదంతా నిజమైందా అంటే అదీ లేదు. నా మనవడు అదే మైదానంలో ఆడుతున్నాడు. వాడి చొక్కా నేనే ఆరేస్తాను. మరి నేను ఆడనన్నది దేనికో, ఒక్కోరోజు నాకే..." మాట పూర్తిచెయ్యకుండా చెయ్యెత్తాడు. "ఉష్."

కొండమీంచి ఒక చుక్క కదులుతూ వచ్చింది. పావురం రెండుసార్లు చుట్టు తిరిగి గూటి పలకమీద దిగింది. ఎరల్ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాలి ఉంగరం తీసి, చేరిన సమయం నమోదు చేసే గడియారప్పెట్టెలో వేశాడు.

"ఆ నీళ్ళగిన్నె ఇలా అందించు," అన్నాడు.

మెర్విన్ అందించాడు. ఇద్దరూ మళ్ళీ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఇంకో మూడు వచ్చాయి. వెలుగు తగ్గేదాకా చూసినా రెండు రాలేదు. ఎరల్ "డేగ పట్టి ఉంటుంది," అన్నాడు. ఇంట్లోకి రమ్మంటాడేమోనని మెర్విన్ కొంచెంసేపు చూశాడు. ఎరల్ గూడు శుభ్రం చేయడంలో పడ్డాడు. గేటు దగ్గర మెర్విన్ "వస్తాను" అంటే లోపల్నుంచి "ఊఁ" అని వినిపించింది. అది తనకో, పావురానికో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి డల్సీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకున్నాం."

"ఏమన్నాడు?"

"రెండు పావురాలు రాలేదన్నాడు."

"అంతేనా?"

మెర్విన్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. "ఇంకా చాలా అన్నాడు. వాటిలో ఏది కోపమో ఏది కాదో తెలియట్లేదు."

"మళ్ళీ వెళ్తావా?"

"రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు," అన్నాడు. డల్సీ ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్ళి అన్నం వడ్డించింది. అతను తింటున్నంతసేపూ కిటికీ వైపే చూస్తున్నాడు. బయట చీకటి పడిపోయింది, పావురాలు ఎగిరే వేళ దాటిపోయింది.